రాజుగారి పలువరుస

ఆ వేసవిలో మూడు నెలలపాటు మా ముందుగదిలో ఒక రాజు మకాం వేశాడు. మొదటిరోజు నుంచీ వాడంటే నాకు గిట్టలేదు.

వాణ్ణి ఇంటికి తెచ్చింది మా అమ్మాయి. కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో తనది మొహాల పని. ఆటలోని మనుషులకూ, మనుషులు కానివాళ్ళకూ ముక్కూ మూతీ పెట్టి, వాటిని కదిలించి, ఏడిపించి, నవ్వించాలి. మేడమీద తన అద్దెగదిలో ఎండకి కంప్యూటర్ వేడెక్కి గంటకోసారి కళ్ళు మూస్తోందని, ఆ యంత్రాన్నీ రెండు తెరలనీ వ్యానులో వేసుకుని వచ్చి దిగింది.

"వానలు పడేదాకా నాన్నా. ఈలోగా ఆట బయటికొచ్చేస్తుంది, నేను వెళ్ళిపోతాను."

"వెళ్ళమని ఎవరన్నారు?"

"నువ్వు అనవు. మొహం పెడతావు."

మాది కింద కొట్టు, పైన ఇల్లు. నేను కట్టుడు పళ్ళు చేస్తాను. డాక్టర్ని కాను. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి పళ్ళ సెట్టు చేసి ఇస్తాను, సరిచూసుకోవడానికి మనుషులు నా కొట్టుకే వస్తారు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే పని.

ముందుగది తలుపు రెండేళ్ళుగా తీయలేదు. అమ్మాయి వాళ్ళమ్మ చివరి నెలలు ఆ గదిలోనే గడిచాయి. అమ్మాయి గొళ్ళెం తీసి, కిటికీలు తెరిచి, మంచం గోడవైపు జరిపి, ఖాళీ అయిన చోట తన బల్ల వేసుకుంది. వాళ్ళమ్మ ఊసెత్తితే నాకు బాధని అమ్మాయి, అమ్మాయికి బాధని నేను, ఇద్దరం రెండేళ్ళుగా ఎంతో మర్యాదగా నోళ్ళు కట్టేసుకుని ఉన్నాం.

మరునాడు రాజుగారి దర్శనం అయింది.

నాకు అర్థమైనంతవరకు ఆట ఇది. ఒక పెద్ద పటం. ఆడేవాడికి ఒక కోట, కొంత సైన్యం. వంతులవారీగా కదలాలి, పొలాలు వేసుకోవాలి, గోడలు కట్టుకోవాలి, పక్కవాడి మీద పడాలి. పటానికి ఉత్తరాన కొండల్లో ట్రోల్ జాతి ఉంటుంది. ట్రోల్ అంటే గుహల్లో బతికే మొద్దు రాక్షసుడట. అలాంటి ఏడు తెగల్ని ఒక్కటి చేసిన చక్రవర్తి వీడు. వీడి చరిత్ర నాలుగు పేజీలు రాసి ఇచ్చారు కంపెనీవాళ్ళు. అమ్మాయి ఆ కాగితాలు నా చేతిలో పెట్టింది, చదివితే నాకు వాడి మీద అభిమానం పుడుతుందనుకుని.

మూడు వందల ఏళ్ళు ఏలాడట. ఒక నదిని తాగేశాడట. తొమ్మిదిమంది మరుగుజ్జు రాజుల్ని నమిలి మింగాడట. ఒక యుద్ధంలో చెయ్యి తెగితే తెల్లారేసరికి మొలిచిందట. మొలిచింది చెయ్యి. మెదడు మొలిచిన దాఖలా నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. తల్లి లేదు, భార్య లేదు, ఒక్క స్నేహితుడు లేడు, పనంటూ ఏదీ లేదు. ఆకలి మాత్రం ఉంది.

"గాయాలన్నీ మానిపోతాయా వీడికి?" అని అడిగాను.

"ప్రతి వంతుకీ. అదే వాడి బలం నాన్నా. ఎంత కొట్టినా మళ్ళీ వంతు వచ్చేసరికి మామూలైపోతాడు."

"అన్నీనా?"

"అన్నీ."

కాగితాలు బల్లమీద పెట్టేశాను. "అయితే వీడికి ఏమీ తెలియదన్నమాట," అన్నాను.

అమ్మాయి నావైపు ఒక్కక్షణం చూసి తెరవైపు తిరిగింది.

తెరమీద వాడి తల నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోంది. బండరాయికి చర్మం తొడిగినట్టుంది. నా కన్ను నోటిమీదికే పోయింది, అలవాటు కొద్దీ. పైనుంచి రెండు కోరలు, కిందినుంచి రెండు, మధ్యలో రంపంలాగా పాతిక పళ్ళు.

"ఏదీ, నోరు మూయమను."

మూయించింది. కింది కోరలు రెండూ పోయి ముక్కుపుటాల్లో దిగబడ్డాయి.

"ఈ పళ్ళతో మూడొందల ఏళ్ళు ఏం తిన్నాడమ్మా వీడు? పై పన్నుకి కింది పన్ను తగలందే నమలడమెట్లా? నా దగ్గర డెబ్భై ఏళ్ళ ముసలాయనకి ఇలాంటి సెట్టు చేసిస్తే మొహాన కొట్టి పోతాడు."

"అది ఆట నాన్నా."

"ఆటైతే మటుకు అన్నం మింగొద్దా?"

అమ్మాయి నవ్వింది. ఆ గదిలో నవ్వు వినబడి చాలాకాలమైంది. రాజుగారి వల్ల జరిగిన మొదటి మేలు అదేనని ఒప్పుకోవాలి. కానీ ఆ మేలు వాడు తెలిసి చేయలేదు.

*

ఆ నవ్వు వారం నిలిచింది. వాళ్ళ మేనేజర్ ఒకాయన ఉన్నాడు, మా ఇంట్లో ఆయన పేరు "ఇంకొంచెం గారు". ఏది చూపించినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే. ఇంకొంచెం క్రూరంగా. ఇంకొంచెం హుందాగా. ఇంకొంచెం భయపెట్టాలి, కానీ పిల్లలు జడుసుకోకూడదు. ఫోన్లో ఆయన గొంతు మెట్లమీదుగా కొట్టులోకి వినబడేది.

ఇబ్బందంతా ఒక్క నవ్వు దగ్గర వచ్చింది. ఆటలో ఎవరినైనా ఓడించినప్పుడు రాజు తెరనిండా కనబడి నవ్వాలి. మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లూ నాలుగుసార్లు తిప్పిపంపారు. ఐదోసారీ కుదరకపోతే రాజుని వేరేవాళ్ళకి అప్పజెబుతామన్నారు. అమ్మాయిది ఇంకా ఖాయం కాని ఉద్యోగం. రాజు పోతే ఉద్యోగమూ పోతుంది. ఆరేళ్ళుగా చెట్లూ, గోడలూ, పేరులేని సిపాయిల మొహాలూ చేసి చేసి మొదటిసారి ఒక రాజు చేతికొచ్చాడు.

"నవ్వితే బొమ్మ నవ్వినట్టుందట," అంది కంచం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ, తినకుండా. "నోరు తెరవగానే అబద్ధమని తెలిసిపోతోందట. ఎక్కడ తప్పో ఆయనకీ తెలీదు, నాకూ తెలీట్లేదు."

నాకు తెలుసు. "ఆ పళ్ళు ఎవరివీ కావు, అదీ తప్పు," అన్నాను. "నువ్వు వరసగా పేర్చావు. ఏ నోట్లోనూ పళ్ళు అలా ఉండవు. ఒకటి వంగుతుంది, ఒకటి పక్కదాన్ని తోస్తుంది, ఒకటి అరుగుతుంది. కింద పెట్టెలో పాత అచ్చులు ఓ వంద పడున్నాయి, ఎవరూ అడగనివి. ఎవరిదో ఒకటి పట్టుకుపోయి వాడి నోట్లో కుక్కు. ఆ మొహానికి ఏదైనా ఎక్కువే."

ఎంత చులకనగా అన్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరునాటి మధ్యాహ్నం అమ్మాయి కొట్టులోకి వచ్చి పెట్టె ముందు కూర్చుంది. ప్లాస్టర్ అచ్చులు ఒక్కొక్కటే తీసి వెలుతురులో తిప్పి చూసి పక్కన పెడుతోంది. అప్పుడు నా ఎదురుగా రిటైరైన హెడ్మాస్టరుగారు కొత్త సెట్టు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఎవరికమ్మా పళ్ళు?" అన్నారు.

"ఒక రాజుకండీ. రాక్షసుడు."

"మంచిది. నా తరవాత వంతు ఆయనదే కాబోలు," అన్నారాయన. తరవాత అద్దంలో చూసుకుని, దవడ అటూ ఇటూ కదిపి, "బ్రహ్మాండంగా సరిపోయింది," అన్నారు. సరిపోలేదు. ఎడమవైపు నొక్కుతోందని కంటిలో తెలుస్తూనే ఉంది. నేను అలసిపోయి ఉన్నానని కనిపెట్టి, ఆ మాట చెప్పడం రెండురోజులు వాయిదా వేసుకున్నాడు మహానుభావుడు. పళ్ళూడిన మనుషులకున్న ఇలాంటి పెద్దరికం, చేతులు మొలిచే రాజులకి ఎక్కడినుంచి వస్తుంది?

అమ్మాయి ఒక పైవరుస అచ్చు ఏరుకుని, ఒళ్ళో పెట్టుకుని దుమ్ము తుడిచింది. నేను తలెత్తి చూడలేదు. ఇంకెవరిదో సెట్టు అరగదీస్తున్నాను.

ఆ అచ్చుని అన్ని వైపులా ఫొటోలు తీసి కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ తరవాత రెండు వారాలు అమ్మాయి పైనుంచి పిలుస్తూనే ఉంది.

"నాన్నా, ఒక్కసారి వచ్చి చూడవా?"

"చూసేదేముంది? మొన్న చూశానుగా ఆ అందగాణ్ణి."

"ఇప్పుడు వేరేగా ఉన్నాడు."

"ఎంత వేరేగా ఉన్నా వాడు వాడే. మైనం కరిగిపోతోంది, పనిలో ఉన్నాను."

ఇంకోరోజు మెట్లమీద నిలబడి అడిగింది. "నాన్నా, అరనిమిషం. నీ అచ్చే కదా, కుదిరిందో లేదో నువ్వే చెప్పాలి."

"కుదరకపోతే వాడొచ్చి చెబుతాడులే. నోరుంది కదా, నదిని తాగిన నోరు."

ఆ సాయంత్రం నేను పైకి వెళ్ళేసరికి నా కుర్చీ ఫ్యాను కిందికి జరిపి ఉంది, పక్కన చన్నీళ్ళ గ్లాసుకి మూత పెట్టి ఉంది. కోపం వచ్చినప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ళు ఇలాగే సాధిస్తారు.

*

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం భోజనానికి పైకి వెళ్ళాను. ముందుగదిలో అమ్మాయి మోచేతిమీద తల పెట్టుకుని బల్లమీదే నిద్రపోతోంది. మరునాడు ఇంకొంచెం గారు స్వయంగా ఇంటికి వస్తున్నాడు, ఐదోసారి చూడడానికి. మూడు రోజులుగా పిల్లకి సరైన నిద్ర లేదు.

తెర వెలుగుతోంది. శబ్దం కట్టేసి ఉంది. రాజు నవ్వుతున్నాడు. మూడు సెకన్లు నవ్వి, నోరు మూసి, మళ్ళీ మొదటినుంచి. ఆ వెలుతురు అమ్మాయి కళ్ళమీద పడకుండా తెరమీద తువ్వాలు కప్పుదామని వెళ్ళాను. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

కింది కోరలు రెండూ వాడివే. పైవరుస వాడిది కాదు. ఎడమవైపు కోరపన్ను పక్కదాని భుజమెక్కి కూర్చుంది, పన్ను మీద పన్ను. దాని పక్కన, ముందు పంటి అంచున, ఆవగింజంత బొడిపె.

నేను మనుషుల్ని మొహాలతో గుర్తుపట్టను. సంతలో ఎవరైనా పలకరిస్తే నోరు తెరిచేదాకా ఆగుతాను. అలాంటివాణ్ణి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

మా పెళ్ళైన కొత్తలో అచ్చు తీసే సరుకు కొత్తరకం ఒకటి వచ్చింది. పరీక్షించడానికి నాకు దొరికిన నోరు మా ఆవిడదే. "కదలొద్దు, నవ్వొద్దు, నాలుగే నిమిషాలు," అన్నాను. రెండో నిమిషంలో నా గంభీరమైన మొహం చూసి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. అచ్చులో గాలి దూరింది. గాలి దూరిన చోట ప్లాస్టర్ పోస్తే చిన్న గింజలాగా గట్టిపడుతుంది. నేను చేసిన వేల అచ్చుల్లో అలాంటి గింజ ఉంటే గీకి పారేస్తాను. దీన్ని గీకలేదు. ఆ గింజ పన్ను కాదు, నవ్వు.

ఆ పన్ను సరిచేస్తానని ఎన్నోసార్లు అన్నాను. "నా పన్ను జోలికి రాకు, ఊళ్ళోవాళ్ళ పళ్ళు చాలవా నీకు?" అనేది. కానీ ఎవరైనా ఉంటే చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది. ఫొటోల్లో పెదవులు బిగించేది. మా ఇంట్లో ఆమె నవ్వుతున్న ఫొటో ఒక్కటీ లేదు. ఆమె పోయిన ఏడాది కొట్టుకి రంగు వేయిస్తూ, ఆ అచ్చు రోజూ కళ్ళబడితే పని సాగదని నేనే పాతవాటి అడుగున పెట్టాను. మరిచిపోవాలని పెట్టాను. మరిచిపోయాను.

ఇప్పుడది అమ్మాయి చేతి పక్కన, తెర ముందు ఉంది. ఎత్తి చూశాను. డాక్టర్లు పంపినవాటికి అడుగున ఉండే నంబరు దీనికి లేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను. అమ్మాయి కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి.

"ఏరుకున్నప్పుడు తెలీదు నాన్నా. పన్ను బాగుందని తీసుకున్నా. నవ్వు పెట్టినరోజు తెలిసింది." లేచి కూర్చుని, "పిలుస్తూనే ఉన్నాగా," అంది.

నాకు ముందు వచ్చింది కోపమే. లోకంలో ఇన్ని నోళ్ళుండగా ఈ వెధవ నోట్లోనా? నదులు తాగే నోట్లో, తొమ్మిదిమందిని నమిలిన నోట్లో, బతికినన్నాళ్ళూ ఒక్కరినీ పరుషంగా అనని మనిషి పళ్ళా?

"తీసెయ్," అన్నాను.

"తీసేస్తే రేపటికి చూపించడానికి ఇంకేం లేదు."

"ఆ ఉద్యోగం కాకపోతే ఇంకోటి. తీసెయ్యమ్మా."

"సరే," అంది. "రేపు ఆయన వచ్చేలోపు తీసేస్తా. ఈ రాత్రికి ఉండనీ."

*

తీయలేదు. తీసిందో లేదో చూద్దామని, తీయకపోతే నాలుగు చీవాట్లు పెడదామని మర్నాడు పదిగంటలకి చేతులకి ప్లాస్టర్‌తోనే పైకి వెళ్ళాను. ఇంకొంచెం గారు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, మెత్తటి మనిషి, చెమట పట్టిన కళ్ళజోడు. నేను ఊహించుకున్న క్రూరుడు ఈయన కాదు. అదీ నాకు నచ్చలేదు.

తెరమీద రాజు నవ్వాడు. ఈసారి గొంతు కూడా ఉంది, బండలు దొర్లినట్టు. ఆయన ముందుకి వంగాడు.

"మళ్ళీ."

మళ్ళీ నవ్వాడు.

"బతికున్నాడు," అన్నాడు ఇంకొంచెం గారు మెల్లగా. "మొదటిసారి నిజంగా బతికున్నాడు. ఇదే కావాలి. ఇంకొంచెం..."

అమ్మాయి కళ్ళు మూసుకుంది.

"ఆ పన్నొకటి సరిచేసెయ్. ఎడమవైపుది, ఎక్కి ఉంది కదా. ఆ పక్కన గింజలాంటిదేదో ఉంది, అదీ తీసెయ్. గాయాలన్నీ మానిపోయే రాజుకి వంకరపన్నేంటని ఆడేవాళ్ళు పట్టుకుంటారు. అంతే, ఇక ఖాయం."

అమ్మాయి నావైపు చూసింది. తీసెయ్యమన్నది నేనే. ఇప్పుడు తీసేస్తే ఉద్యోగం కూడా దక్కుతుంది. ఆమె చెయ్యి నెమ్మదిగా మౌస్ దగ్గరికి పోయింది.

ఏ పనిమీద పైకి వచ్చానో నేను మరిచిపోయాను.

"బాబూ," అన్నాను. "మీకు పళ్ళ సంగతి ఏమైనా తెలుసా?"

"లేదండీ."

"తెలియదని కనబడుతూనే ఉంది. గాయమైతే మానుతుంది. వంకరపన్ను గాయమా? పుట్టుక. వీడి చెయ్యి నరికినా మొలుస్తుంది, తల పగిలినా అతుక్కుంటుంది, కానీ ఏది మొలిచినా పుట్టినట్టే మొలవాలిగా? ఆ పన్ను ఊడగొట్టండి, మళ్ళీ అక్కడే, అట్లాగే పక్కదాని భుజమెక్కుతుంది. అదీ ఖచ్చితం. ముప్పైరెండూ అద్దంలా పెట్టారంటే వీడు రాజు కాడు, మా కొట్టు బయట వేలాడే బోర్డు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి ఆ గింజ?"

అమ్మాయి నన్నే చూస్తోంది.

"అదా," అన్నాను. "తొమ్మిదిమంది మరుగుజ్జు రాజుల్ని మింగాడు కదా మీవాడు. తొమ్మిదోవాడి ఎముక ముక్క అక్కడ ఇరుక్కుంది. మూడొందల ఏళ్ళయినా రాలేదు. అది ఒక్కటే వీడు గెలవలేనిది. పళ్ళు తోముకునే జాతి కాదుగా."

ఇంకొంచెం గారు పెద్దగా నవ్వాడు. జేబులోంచి పుస్తకం తీసి ఆ ముక్క రాసుకున్నాడు. "ఇది చరిత్రలో పెట్టేద్దాం. ఐదో పేజీ." రాసుకున్నాక కూడా తల ఊపుతూనే ఉన్నాడు. "ఇలాగే ఉండనీ. దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు."

గుమ్మందాకా సాగనంపాను. చెప్పులు వేసుకుంటూ గొంతు తగ్గించి అడిగాడు. "మీ అమ్మాయి ఆ పన్ను ఎక్కణ్ణుంచి పట్టిందండీ? ఊరికే ఊహించి చేసింది కాదు అది."

"ఎవరూ అడగని అచ్చు ఒకటి ఉంటేనూ," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా మెట్లు దిగిపోయాడు. ఆ ఒక్క మర్యాదకి ఆయన ఇంకొంచెంలన్నీ క్షమించేశాను.

లోపలికి వెళ్ళేసరికి అమ్మాయి మంచం అంచున కూర్చుని ఉంది. "నాన్నా, అచ్చు తీసేటప్పుడు అమ్మ ఎందుకు నవ్విందో చెప్పు," అంది. గింజ పడిందంటే అచ్చు తీసేటప్పుడు నోరు కదిలిందని ఆమెకి తెలుసు. అచ్చుల మధ్య పెరిగిన పిల్ల. చెప్పాను. అది చెబితే ఇంకోటి అడిగింది. మధ్యాహ్నం కొట్టు తెరవలేదు.

*

మొదటి వానలకి ఆట బయటికి వచ్చింది. అమ్మాయి ఉద్యోగం ఖాయమై, కంప్యూటర్‌తో సహా తన గదికి వెళ్ళిపోయింది. ముందుగది తలుపు తీసే ఉంటోంది. బల్లమీద తన పాత యంత్రం ఒకటి నాకోసం వదిలి, ఆట ఎక్కించి, ఆడటం నేర్పింది.

రాజు మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు. బుద్ధిలేనివాడు, తిండిపోతు. ఆ ఎముక ముక్క మీద లోకంలో ఆడేవాళ్ళందరూ వాదించుకుంటున్నారని అమ్మాయి చదివి వినిపించింది. అందులో మంత్రం ఉందని ఒకడు, వాడి ప్రాణమే ఉందని ఒకడు. వీళ్ళకీ వాళ్ళ రాజుకీ మెదడు దగ్గర పెద్ద తేడా లేదు.

వాణ్ణి ఓడించడం కష్టమేమీ కాదు. వాడు కొట్టుకోవడానికి వస్తే ఎదురెళ్ళకుండా గోడ వెనక కూర్చుని పొలం దున్నుకుంటే చాలు, ఆరు వంతుల్లో తిండి చాలక వాడి తెగలే వాణ్ణి వదిలిపోతాయి. మొదటి వారంలోనే కనిపెట్టాను. అలా గెలిస్తే వాడు నోరు మూసుకుని, తల దించుకుని కొండల్లోకి పోతాడు.

నేను ఓడిపోతేనే నవ్వుతాడు.

అందుకని రోజూ కొట్టు కట్టేశాక, దీపాలవేళ వచ్చి కూర్చుంటాను. నాలుగో వంతుదాకా మర్యాదకి పోరాడి, అయిదో వంతులో కోట తలుపు నేనే తీసిపెడతాను. వాడు తన ప్రతాపమే అనుకుంటాడు, మొద్దు. తెరనిండా వచ్చి నోరు తెరుస్తాడు. మూడు సెకన్లు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం వాడికి తెలియదు. అంతవరకు వాడికి ఋణపడి ఉన్నాను.

ఆ వేళకి అమ్మాయి ఫోన్ చేస్తుంది.

"ఇవాళైనా గెలిచావా నాన్నా?"

"లేదమ్మా," అంటాను. "ఇవాళా ఓడిపోయాను."